వేళ్ళతో చదివే కుర్తా: స్పర్శ ఆధారంగా దుస్తులు రూపొందించడానికి సమగ్ర మార్గదర్శి

తిరుపతి గాంధీ రోడ్డులోని ఏ బట్టల దుకాణంలోనైనా కాసేపు కూర్చుంటే ఒక విషయం గమనించవచ్చు. చీర తీసి పరచగానే కొనేవారు మొదట రంగు చూస్తారు. ఆ తరువాత కొంగునో అంచునో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతారు, అలా నలిపే క్షణంలో చాలామంది చూపు బట్ట మీద ఉండనే ఉండదు. నూలు ఎంత సన్నమో, గంజి ఎంత పట్టించారో, ఒక ఉతుకు తరువాత ఏం మిగులుతుందో వేళ్ళే చెబుతాయి. స్పర్శను ఆధారంగా చేసుకుని దుస్తులు రూపొందించదలచినవారు ఆరంభించవలసింది ఆ నలిపే చేతి దగ్గర.

ఈ మార్గదర్శిలో చూపులేని స్త్రీ ఒకరు రోజూ తొడుక్కోగల నూలు కుర్తాను ఊహ దగ్గర నుంచి ఉతుకు దాకా వరుసగా రూపొందిస్తాం. కొలతలు తీసుకోవడం, కత్తిరించడం, మిషను మీద కుట్టడం మీకు వచ్చుననుకుని రాస్తున్నాను.

నేను ఈ పనిలో మొదట చేసిన తప్పును ముందే చెప్పడం అవసరం. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న ప్రదర్శన కోసం నల్లని బట్టతో పొడవాటి గౌను కుట్టి, వీపు మీద లావుపాటి ముత్యాలతో ‘వెలుగు’ అనే మాటను బ్రెయిల్‌లో కుట్టాను. పుట్టుకతోనే చూపులేని ఒక పెద్దావిడ దాన్ని నిదానంగా తడిమి, “ఇది ఎవురు సదివేదానికి రాసినావమ్మా? తొడుక్కున్నోళ్ళ ఈపు వాళ్ళకి అందదు గదా. ఇంతింత లావు పూసలు పెడితే ఒక అచ్చరం ఒక యేలి కింద పట్టదు,” అని అన్నారు. ఆమె మాటలో కోపం లేదు. నేను మాత్రం ఆ గౌనును చూపున్నవారు చూసి కదిలిపోవడం కోసమే కుట్టానని ఆ నిమిషంలో నాకు అర్థమైంది. ఏ చెయ్యి చదువుతుంది, ఆ చెయ్యి ఎక్కడికి అందుతుంది అన్న ఆమె రెండు ప్రశ్నలే ఇక్కడ చెప్పబోయే ప్రతి పనికీ ఆధారం.

తొడుక్కునే మనిషితో కూర్చోవడం

కాగితం మీద గీత గీయకముందే ఆ కుర్తాను తొడుక్కోబోయే మనిషితో కనీసం రెండు పూటలు గడపండి. ఆమె మీ పనిలో భాగస్వామి కనుక ఆమె సమయానికి కూలి కట్టి ఇవ్వండి. మగ్గం వర్క్ చేసేవారికి డబ్బులిచ్చి, బట్ట బాగుందో లేదో తేల్చే చేతికి ఇవ్వకపోవడం న్యాయం కాదు.

అంధత్వం అందరికీ ఒకేలా ఉండదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా పూర్తి అంధత్వాన్నీ మందదృష్టినీ వేరువేరుగా పేర్కొంది. వెలుతురు తెలిసేవారు, అంచులు లీలగా కనిపించేవారు, ఒక పక్క మాత్రమే కనిపించేవారు ఎందరో ఉన్నారు. కొంత చూపున్నవారికి ముదురు నీలం కుర్తాకు పసుపు పచ్చని అంచు కుడితే మెడ ఎక్కడుందో, చేతి మొన ఎక్కడుందో దొరుకుతుంది. పుట్టుకతో చూపులేనివారికి రంగు వేరే విధంగా ముఖ్యం: తాము ఏ రంగు కట్టుకున్నామో ఎదుటివారికి కనిపిస్తుంది కాబట్టి, ఆ సంగతి తమకూ తెలిసి ఉండాలని కోరుకుంటారు. నడివయసులో చూపు పోయినవారిలో చాలామందికి బ్రెయిల్ రాదు. మీ ఎదుట ఉన్న మనిషి వీరిలో ఎవరో తెలియకుండా చేసిన ఏ నిర్ణయమూ నిలవదు.

అడగవలసిన ప్రశ్నలు సాదావి. పొద్దున బీరువాలో నుంచి బట్టలు ఎలా ఏరుకుంటారు? ముందు వెనుకలు ఎలా గుర్తుపడతారు? ఏ బట్ట తగిలితే చిరాకు, ఏది తగిలితే హాయి? చేతికర్ర ఏ చేత్తో పట్టుకుంటారు, మడిచాక ఎక్కడ పెట్టుకుంటారు? చున్నీ ఎన్నిసార్లు తలుపు గడియకు తట్టుకుంది? ఆమె తనకిష్టమైన పాత కుర్తాను తెచ్చి చూపమని అడిగి, ఆమె చెయ్యి దాని మీద ఎక్కడ మొదలై ఎటు కదులుతుందో గమనించి రాసుకోండి. నా అనుభవంలో చెయ్యి దాదాపు ఎప్పుడూ మెడపట్టీ దగ్గర మొదలవుతుంది. ఆ తరువాత పక్క కుట్టు, జేబు, చివరగా కింది అంచు.

కళ్ళకు గంతలు కట్టుకుని రోజంతా తిరిగితే అంధత్వం అర్థమవుతుందని కొందరు శిక్షకులు చెబుతారు. దానిని నేను ప్రోత్సహించను. గంతలు కట్టుకున్నవారు తడబడి, భయపడి, చూపులేనివారికి ఏ పనీ చేతకాదన్న అభిప్రాయానికి వచ్చే ప్రమాదం ఉందని 2014లో వెలువడిన ఒక మనస్తత్వ పరిశోధన చూపింది. ఏళ్ళ తరబడి సాధన చేసిన చేతి నేర్పు ఒక పూట గంతలతో రాదు. రెండు బట్టల గరుకుతనం పోల్చుకోవడానికి పది నిమిషాలు కళ్ళు మూసుకోవడం వేరు సంగతి, అది పనికొస్తుంది.

చర్మం ఎంత సన్నగా చదవగలదు

జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ వేబర్ 1834లో ప్రచురించిన గ్రంథంలో, కంపాసు రెండు మొనలను చర్మం మీద ఆనించి, అవి రెండుగా తెలియాలంటే ఎంత ఎడం ఉండాలో శరీరంలోని వేరువేరు చోట్ల కొలిచి చూపాడు. వేలి కొసన 2 నుంచి 3 మి.మీ. ఎడం ఉంటే చాలు. అరచేతిలో సుమారు 1 సెం.మీ. కావాలి. ముంజేతి మీదా వీపు మీదా దాదాపు 4 సెం.మీ. దాకా ఉంటే తప్ప రెండు మొనలు ఒకటిగానే తోస్తాయి. ఈ పరీక్షను మీరూ చేయవచ్చు: తలపిన్నును వంచి, రెండు కొసల ఎడాన్ని స్కేలుతో కొలుచుకుంటూ, తొడుక్కునే మనిషి అనుమతితో వేలి మీదా ముంజేతి మీదా మెల్లగా ఆనించి, వచ్చిన కొలతలు రాసి పెట్టుకోండి. ఆ కాగితమే మీ డిజైనుకు కొలబద్ద.

అందులో నుంచి రెండు నియమాలు పుడతాయి. వేలు చదివే పనితనం సన్నగా ఉండవచ్చు, కానీ అది వేలికి అందే చోటనే ఉండాలి. ఒంటికి తగిలే పనితనం, అంటే లైనింగు, వీపు భాగం, చేతుల లోపలి వైపు, పెద్ద పెద్ద మార్పులతో ఉండాలి. వీపు లోపల సన్నని కుట్టుపని చేస్తే అది నకాషీగా తెలియదు, దురదగా తెలుస్తుంది.

మూడో నియమం కదలికది. చర్మంలో ఒత్తిడినీ అంచులనూ పట్టే గ్రాహకాలు వేరు, తేలిక తాకిడినీ జారుడునూ పట్టేవి వేరు, కంపనాన్ని పట్టేవి వేరు. లావు బొడిపెలు వేలు కదలకుండా ఆనించినా తెలుస్తాయి. మల్లు బట్టకూ పాప్లిన్‌కూ ఉన్న సన్నని తేడా మాత్రం వేలు కదిలినప్పుడే తెలుస్తుంది, ఎందుకంటే ఆ తేడా కంపనంగా అందుతుంది. నూగు ఉన్న చర్మంలో, ముఖ్యంగా ముంజేతి మీద, సెకనుకు 1 నుంచి 10 సెం.మీ. వేగంతో నిమిరినప్పుడు హాయిగా స్పందించే నరాలు ఉన్నాయి. అమ్మ చెయ్యి నిమిరే వేగం అది. అందుకే కుర్తా చేతులకు లోపల మెత్తని మల్లు లైనింగు వదులుగా వేస్తే, చెయ్యి ఊపిన ప్రతిసారీ బట్ట ఆ వేగంతోనే జరిగి సుఖాన్నిస్తుంది.

స్పర్శ పెట్టెను కూర్చుకోవడం

ఇప్పుడు బట్టలు సేకరించండి. ఈ ప్రాంతంలో ఆ పని కష్టం కాదు. వెంకటగిరి సన్న నూలు, దాని జాందానీ బుటా, నగరి, పుత్తూరు మరమగ్గాల నూలు, నారాయణవనం చేనేత, మదనపల్లె పట్టు, శ్రీకాళహస్తి కలంకారీ, వీటికి తోడు ఖాదీ, జనపనార, వెల్వెట్, శాటిన్, పాత దుప్పటి ముక్క, నలిగిన పంచె. ప్రతిదాన్నీ 15 సెం.మీ. చదరంగా కత్తిరించి, రెండుసార్లు ఉతికి ఆరవేసిన తరువాతే పెట్టెలో చేర్చండి. కొత్త బట్టలోని గంజి వేలికి అబద్ధం చెబుతుంది.

1987లో సూసన్ లెడర్‌మన్, రాబర్టా క్లాట్జ్‌కీ అనే ఇద్దరు పరిశోధకులు, ఒక వస్తువు గురించి తెలుసుకోవడానికి మనుషుల చేతులు ఎలా కదులుతాయో గమనించి ఒక పట్టిక ఇచ్చారు. గరుకుతనం కోసం పక్కలకు రుద్దుతాం, మెత్తదనం కోసం నొక్కుతాం, చల్లదనం కోసం ఆనించి ఉంచుతాం, బరువు కోసం ఎత్తి పట్టుకుంటాం, మొత్తం ఆకారం కోసం గుప్పిట మూస్తాం, కచ్చితమైన ఆకారం కోసం అంచు వెంట వేలు నడుపుతాం. దుస్తుల రూపకల్పనకు దీనికన్నా మంచి పట్టిక నాకు దొరకలేదు. పెట్టెలోని ప్రతి ముక్కనూ ఈ ఆరు విధాలా పరీక్షించి, పక్కన తెలుగులోనే మాట రాయండి: గరుకు, నునుపు, బిరుసు, మెత్తన, గుల్ల, దళసరి, జారుడు, నూగు, బొడిపె, చెమ్మ. మన భాషలో ఈ మాటలకు కొదవ లేదు, వాటిని రాసుకోవడం మొదలుపెట్టగానే చెయ్యి కూడా చురుకవుతుంది.

ఈ పని చేసేటప్పుడు నన్ను ఆశ్చర్యపరిచినవి రెండు. మొదటిది జరీ. కంటికి అది మెరుపు. వేలికి చల్లదనం, ఎందుకంటే లోహపు తీగ చేతి వేడిని త్వరగా లాగేస్తుంది. పట్టీ వెంట చల్లని గీతలా పరచుకున్న జరీ అంచును చాలామంది ఇష్టపడతారు, కానీ అదే జరీ మెడ మీద గీరుతుంది. రెండోది వెంకటగిరి జాందానీ. అదనపు పేకతో అల్లిన బుటా నేత కన్నా కాస్త దళసరిగా ఉంటుంది కాబట్టి, ఎవరూ స్పర్శ కోసం నేయకపోయినా, సన్నని నేల మీద ఆ పువ్వు వేలికి దొరుకుతుంది.

భావాన్ని ఎంచుకోవడం

అంధత్వం స్ఫూర్తిగా డిజైను చేయమంటే చాలామంది నలుపు రంగు, మూసిన కన్ను, చీకటి చివర వెలుగురేఖ అనే బొమ్మల వైపు వెళతారు. నా గౌను కూడా అలాంటిదే. అవన్నీ చూపున్నవారు చూపులేమి గురించి ఊహించుకున్న బొమ్మలు. వాటిలో చూపులేని మనిషి అనుభవం లేదు. దానికి బదులు తొడుక్కునే మనిషిని ఆమె చేతికీ పాదానికీ బాగా గుర్తున్న ఒక చోటు గురించి అడగండి.

నా తోటి పనిచేసిన ఆవిడ అలిపిరి మెట్లు అన్నారు. ఆ దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. ఆమె వర్ణన వింటూ రాసుకున్నవి ఇవి: దిగువన తలయేరు గుండుకు భక్తులు తల, మోకాళ్ళు ఆనించే చోట నున్నగా అరిగిన రాయి, గాలి గోపురం దాకా ఊపిరి తీసుకోనివ్వని వరుస మెట్లు, మెట్లకు అద్దిన పసుపు కుంకుమల పొడి వేళ్ళకు అంటడం, గోపురం దాటాక చాలా దూరం చదునుగా సాగే నడక, చివరలో మోకాళ్ళ పర్వతం నిటారు మెట్లు, అక్కడ మోకాళ్ళతో ఎక్కేవారి దగ్గరి ఊపిరి. ఇందులో కొండ దృశ్యం ఒక్కటీ లేదు. ఒక వరుస ఉంది. చూపు మొత్తాన్ని ఒక్కసారిగా అందుకుంటుంది, వేలు ఒకదాని తరువాత ఒకటిగా అందుకుంటుంది. కాబట్టి స్పర్శ కోసం చేసే డిజైనుకు మొదలు, నడక, మలుపు, ముగింపు ఉండాలి. ఆ మెట్ల వరుసే ఆమె కుర్తాకు నమూనా అయింది.

మడతల పలకను తయారు చేయడం

కుర్తా ముందుభాగంలో ఎడమ పక్కన, 12 సెం.మీ. వెడల్పుతో ఒక నిలువు పలక వస్తుంది. కుడిచేతిలో కర్ర ఉంటుంది కనుక ఖాళీగా ఉండేది ఎడమ చెయ్యి. మీ భాగస్వామి ఎడమచేతి వాటమైతే పలకను కుడికి మార్చండి. పలకను కుర్తా కింది అంచు నుంచి మొదలుపెట్టకండి, నిలబడిన మనిషికి మోకాలు అందదు. ఆమెను నిలబెట్టి, చెయ్యి వేలాడదీయమని, మధ్యవేలు తగిలిన చోట సుద్దతో గీత పెట్టండి. అక్కడి నుంచి రొమ్ము కింది గీత దాకా మాకు 54 సెం.మీ. వచ్చింది.

ఈ పలకలో 3 మి.మీ. ఎత్తు గల అడ్డ మడతకుట్లు 35 వేస్తాం. ఒక్కో మడతకు 6 మి.మీ. బట్ట పోతుంది, 35 మడతలకు 21 సెం.మీ. కాబట్టి 54 సెం.మీ. పలక కోసం 75 సెం.మీ., పైనా కిందా కుట్టు కోసం మరో 4 సెం.మీ. కలిపి 79 సెం.మీ. పొడవు ముక్క కత్తిరించాలి. మడతలు పదునుగా నిలవాలి కనుక ఈ పలకకు మల్లు పనికిరాదు. బిగువైన నేత గల పాప్లిన్ లేదా దట్టమైన చేనేత నూలు తీసుకోండి.

వరుస ఇలా సాగుతుంది. దిగువ నుంచి 22 మడతలు 12 మి.మీ. ఎడంతో వేస్తే సుమారు 26 సెం.మీ. అవుతుంది. ఆ తరువాత 20 సెం.మీ. చదును భాగం, అందులో దూరదూరంగా నాలుగు మడతలు. చివర 9 మడతలు 8 మి.మీ. ఎడంతో, ఒక్కోదాని లోపల సన్నని పైపింగ్ తాడు పెట్టి లావుగా, సుమారు 7 సెం.మీ. అన్నిటికన్నా దిగువన, పలక మొదలయ్యే చోట, తలయేరు గుండు కోసం రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్ద శాటిన్ ముక్కను అంచులు లోపలికి మడిచి కుట్టండి. పసుపు కుంకుమల పొడిని అనుకరించడానికి నేను మొదట వెల్వెట్ ముక్కలు అతికించాను. ఆవిడ వాటిని తీసేయమన్నారు, ఆమె చెప్పింది నిజమే, అన్ని చోట్లా ఏదో ఒకటి తగులుతుంటే వేలికి దారి తప్పుతుంది. ఖాళీ బట్ట కూడా డిజైనులో భాగమని గుర్తుంచుకోండి.

ఇస్త్రీ చేసేటప్పుడు మడతలన్నీ కిందికి వంగేలా నొక్కాలి. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు కానీ పలక అంతా దీని మీదే ఆధారపడి ఉంది. మడత అంచు నేలవైపు ఉంటే, పైకి కదిలే వేలు ప్రతి అంచుకూ తట్టుకుంటూ శ్రమపడి ఎక్కుతుంది. కిందికి వచ్చే వేలు అడ్డు లేకుండా జారుతుంది. కొండ ఎక్కడానికీ దిగడానికీ ఉన్న తేడా ఒక్క ఇస్త్రీ మడతతో చేతికి తెలుస్తుంది. ఆవిడ మొదటిసారి ఆ పలక మీద వేలు నడిపి, చదును భాగం దగ్గర ఆగి, “ఈడ గాలి తగల్తాది,” అన్నారు.

కలంకారీని వేలికి అందించడం

శ్రీకాళహస్తి కలంకారీ ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన పని. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద, ఇనుప తుక్కునూ బెల్లాన్నీ పులియబెట్టి తీసిన నల్ల రంగుతో, వెదురు కలంతో గీస్తారు. ఇంత గొప్ప చేతిపని వేలికి మాత్రం చదును బట్టే, ఎందుకంటే రంగు నూలులోకి ఇంకుతుంది, పైకి లేవదు. దాన్ని వేలికి అందించాలంటే గీతను పైకి లేపాలి.

మొత్తం బొమ్మను లేపబోకండి. పూలు, లతలు, నెమళ్ళు అన్నిటినీ దారంతో నింపితే వేలికి ముళ్ళపొదలా తగులుతుంది. ఒక్క ఆకృతిని ఎంచుకుని, దాని బయటి గీతను మాత్రం ఆరు పోగుల దారంతో గొలుసు కుట్టుగా వేయండి. లోపలి భాగాలలో ఒక్కదానిని ముడి కుట్టుతో గుర్తించండి. రెండు లేచిన గీతల మధ్య కనీసం 5 మి.మీ. వదలండి. వేలికొస 3 మి.మీ. ఎడాన్ని గుర్తించగలదు నిజమే, కానీ దారానికి తనదైన లావుంది, బట్ట కదులుతుంది, చెమట పడుతుంది. మామిడిపిందె ఆకారం వేలికి సులభంగా దొరుకుతుంది: ఒక కొస మొన, ఒక కొస గుండ్రం. నెమలి దొరకదు. పక్కనుంచి చూసిన నెమలి బొమ్మ కంటి అలవాటు మీద ఆధారపడినది, చేత్తో పక్షిని పట్టుకున్నవారికి ఆ గీత ఏమీ గుర్తుచేయదు. మామిడిపిందెను జేబు మీద కుడితే చెయ్యి ఊరికే ఉన్నప్పుడు దాన్ని వెతుక్కుంటుంది.

బ్రెయిల్ అక్షరాలు కుట్టడం

లూయీ బ్రెయిల్ 1809లో ఫ్రాన్స్‌లో గుర్రపు జీనులు కుట్టే ఇంట పుట్టాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పనిచోట తోలు కుట్టే పనిముట్టు మొన కంటికి తగిలి, ఆ గాయం రెండో కంటికీ పాకి చూపు పోయింది. పదిహేనేళ్ళకే, 1824 నాటికి, ఆరు చుక్కల లిపిని రూపొందించాడు; అది 1829లో అచ్చయింది. కుట్టుపనివారి ఇంట పుట్టినవాడి లిపిని బట్ట మీద కుట్టేటప్పుడు కొలత తప్పకూడదన్నది నా పట్టుదల.

ఒక గడిలో రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఎడమ వరుస పైనుంచి 1, 2, 3. కుడి వరుస 4, 5, 6. కాగితం మీద చుక్క అడుగు వెడల్పు సుమారు 1.5 మి.మీ., ఎత్తు సుమారు 0.5 మి.మీ.; గడి లోపల చుక్కల నడిబొడ్డుల మధ్య దాదాపు 2.5 మి.మీ.; పక్క గడికి సుమారు 6 మి.మీ.; కింది వరుసకు 10 మి.మీ. బట్ట మీద 1.5 మి.మీ. గాజు పూసలు దొరికితే ఇదే కొలత వాడండి. 2 మి.మీ. పూసలే దొరికితే చుక్కల ఎడాన్ని 3 మి.మీ.కు, గడుల ఎడాన్ని 7 మి.మీ.కు పెంచవచ్చు. అంతకు మించితే గడి వేలికొస కింద పట్టదు, అప్పుడు అది అక్షరం కాదు, అలంకారం. దారపు ముడులు ఉతికేకొద్దీ అణిగిపోతాయి. మన నోట్ల మీద వంద రూపాయలకు నాలుగు, ఐదు వందలకు ఐదు ఏటవాలు గీతలు తాకి గుర్తుపట్టడానికే ఉన్నాయి. నలిగిన నోటు మీద అవి ఎంత కష్టంగా దొరుకుతాయో తడిమి చూస్తే అరుగుదల అంటే ఏమిటో తెలుస్తుంది. అందుకే పూసలే మేలు. ప్రతి పూసనూ విడివిడిగా ముడి వేసి కుట్టండి, ఒక పూస ఊడితే ఒక అక్షరం మారిపోతుంది.

తెలుగును భారతీ బ్రెయిల్‌లో రాస్తారు. 1951 నుంచి భారతీయ భాషలన్నిటికీ ఇదే పద్ధతి. గుణింతపు అచ్చు హల్లు తరువాత విడి గడిలో వస్తుంది. రంగు పేరు కుట్టేటప్పుడు మొదటి అక్షరంతో సరిపెట్టకండి: నలుపుకూ నీలానికీ మొదటి గడి ఒకటే, న అంటే 1, 3, 4, 5. రెండో గడిలో నలుపుకు ల వస్తుంది, 1, 2, 3. నీలానికి ఈ వస్తుంది, 3, 5. రెండు గడులతో తేడా తేలిపోతుంది. కుట్టేముందు కాగితం మీద పొడిపించి, బ్రెయిల్ చదివేవారి చేత సరిచూపించండి. బట్టను వెనుక వైపు నుంచి గుర్తు పెడుతుంటే గడి కుడి ఎడమలు తారుమారవుతాయని మరవకండి.

ఇక అందరూ తప్పు చేసే చోటు: అక్షరాలు ఎటు తిరిగి ఉండాలి? బల్ల మీద పుస్తకం చదివేటప్పుడు వేళ్ళ కొసలు పుట పై అంచు వైపు చూస్తుంటాయి. నడుము దగ్గర జేబు అంచును తడిమే చేతి వేళ్ళ కొసలు నేలవైపు చూస్తుంటాయి. కాబట్టి అక్కడ కుట్టే అక్షరాల తల నేలవైపు ఉండాలి. ఎదురుగా నిలబడినవారికి అవి తలకిందులుగా కనిపిస్తాయి, తొడుక్కున్నవారి చేతికి మాత్రం ఎడమ నుంచి కుడికి సరిగ్గా నడుస్తాయి. చూసి “తిరగబడింది” అని ఎవరైనా అంటే మీ పని సరిగా ఉందని అర్థం.

బ్రెయిల్ రానివారికి చుక్కల లెక్క చాలు. ఒక జతకు చెందిన కుర్తా, ప్యాంటు, చున్నీ మూడింటికీ ఎడమ పక్క కుట్టు లోపల మూడేసి ముడులు. మరో జతకు నాలుగేసి. బీరువాలో జత దొరకడానికి ఇంతకన్నా ఏమీ అక్కరలేదు, ఇది ఏ పాత బట్టకైనా ఐదు నిమిషాల్లో చేయవచ్చు.

కుట్టు, జేబులు, లోపలి వైపు

కుట్టుపని మామూలుదే, కొన్ని జాగ్రత్తలు చాలు. లోపలి కుట్లన్నీ అంచులు మూసి, చదునుగా ఉండాలి. మెడ వెనుక గీరే లేబుల్ బదులు ఒక చిన్న పైపింగ్ ముక్కను నిలువుగా కుడితే అదే వెనుక భాగానికి గుర్తు. వేలాడే వెడల్పు చేతులు వద్దు, బల్ల మీద వెతికే చేతితో పాటు అవి గ్లాసులను కూడా పడేస్తాయి. చున్నీ ఇష్టపడితే భుజం దగ్గర టిచ్ బటన్‌తో పట్టించండి. నాలుగు ముక్కలుగా మడిచే చేతికర్ర సుమారు 30 నుంచి 35 సెం.మీ. ఉంటుంది కాబట్టి కుడి పక్కన 25 సెం.మీ. లోతు జేబు, దాని నోటికి గట్టి పట్టీ ఇవ్వండి. గుండీలు వేరువేరు ఆకారాల్లో పెడితే, మొదటి గుండీ మొదటి కాజాలోకే వెళ్ళిందో లేదో అద్దం అక్కరలేకుండా తెలుస్తుంది.

పరీక్షించడం, ఉతకడం

పూర్తయిన కుర్తాను మాట్లాడకుండా ఆమె చేతికి ఇవ్వండి. ఏది ఎక్కడుందో ముందే చెబితే పరీక్ష చెడిపోతుంది. చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వచ్చింది, దేన్ని పట్టించుకోకుండా దాటిపోయింది అన్నవి రాసుకోండి. దాటిపోయిన దాన్ని వివరించి సమర్థించుకోకుండా, విప్పేయండి. ఆ తరువాత ఆమె దాన్ని వారం రోజులు ఇంట్లో, బస్సులో, వంటింట్లో తొడుక్కోవాలి; తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటే మే నెలలో అయితే మరీ మంచిది. చెమట పట్టిన వేలు జారదు, అంటుకుంటుంది. పొడి చేతికి నునుపుగా తోచిన శాటిన్ తడి చేతికి జిగటగా తోస్తుంది. మా కుర్తాలో శాటిన్ బిళ్ళను ఈ కారణంగానే మార్చి, అరిగిపోయిన పాత పట్టుచీర ముక్క పెట్టవలసి వచ్చింది.

పదిసార్లు ఉతికిన తరువాత మళ్ళీ కొలవండి. మడతల ఎత్తు తగ్గిందా, పూసలన్నీ ఉన్నాయా, అక్షరాలు ఇంకా చదవగలుగుతున్నారా? పిండేటప్పుడు మెలిపెట్టకూడదు. ఇస్త్రీకి మందపాటి తువ్వాలు పరచి, కుర్తాను లోపలి వైపు పైకి ఉండేలా తిప్పి, పెట్టెను అదిమి లాగకుండా ఎత్తి ఎత్తి ఆనించాలి. మడతల పలక మీద మాత్రం పై నుంచి కిందికి ఒకే దిశలో నడపాలి. ఈ సూచనలను ఆమె ఫోనులో మీ గొంతుతో రికార్డు చేసి, దానితో పాటు కుర్తా రంగును, పలక వరుసను, బట్ట ఎక్కడ నేశారో కూడా చెప్పి ఇవ్వండి, ఎవరైనా “ఈ మడతలు ఏందమ్మా?” అని అడిగినప్పుడు ఆమె తన మాటల్లో తాను చెప్పుకోగలుగుతారు.